మన బిడ్డల మనోవ్యథ: బడి బాధ్యతయా, వైద్యశాల బాధ్యతయా?



బిడ్డకు జ్వరము వచ్చినచో ఏమి చేయవలెనో తెలియని తల్లి మన యిండ్లలో లేదు. నుదుటిపై అఱచేయి పెట్టి చూతుము, కాచి చల్లార్చిన నీరు త్రాగింతుము, పథ్యము పెట్టుదుము, రెండవనాటికిని తగ్గనిచో వైద్యునియొద్దకు తీసికొనిపోవుదుము, బడికి రెండు పంక్తులు చీటి వ్రాసి పంపుదుము. ఇందులో ఏ పని యెవరిదియో యను వాదము ఎన్నడును పుట్టదు. కాని, అదే బిడ్డ పదునాల్గవయేటనో పదునాఱవయేటనో విస్తరిముందు కూర్చుండి, కలిపిన ముద్ద నోట బెట్టుకొనక గోడవంక చూచుచుండినచో. దీపమార్పిన పిదప తెల్లవాఱుదాక కన్ను మూయక యుండినచో. ప్రాణస్నేహితురాలు వాకిటికి వచ్చి పిలిచినను తలుపు తీయకుండినచో, ఆ తల్లి యెవరితో చెప్పుకొనవలెను? బడిలో పంతులమ్మతోనా? ఆసుపత్రిలో డాక్టరుతోనా? లేక, ఎవరితోను చెప్పక కడుపులోనే దాచుకొనవలెనా?

ఈ మూడవదియే మనము అనాదిగా చేయుచున్న పని. దానివలన కలిగిన నష్టమును మనమందఱము ఎఱుగుదుము. కావున, మొదటి రెండింటిలో ఏది యుక్తమో నేడు విచారింప దలచితిమి. బాలబాలికల మానసికారోగ్యభారమును విద్యాశాఖ వహింపవలెనా, ఆరోగ్యశాఖ వహింపవలెనా యను వాదము మన దేశముననే గాక విదేశములందును జరుగుచున్నది. ఇది ప్రభుత్వములు తేల్చుకొనవలసిన సంగతి, ఇల్లాండ్రకేమి పని యని ఎవరైన అనవచ్చును. ఆ రెండు శాఖల నడుమ బిడ్డను చంకనిడుకొని తిరుగునది తల్లియే కదా! కావున ఇది మన సంగతియే.

ఒక యింటి కథ

మా యెఱుకలో ఒక గృహము కలదు. ఊరు పేరు చెప్పము. ఆ యింటి పెద్దపిల్ల పదవతఱగతిలో చక్కని మార్కులతో గెలిచినది. ఇంటర్మీడియట్ చదువునకై పట్టణమునగల ఒక కళాశాల హాస్టలులో చేర్చిరి. తెల్లవాఱుజామున అయిదు గంటలకు లేచుట, రాత్రి పదిగంటలదాక చదువుట, ఆదివారమునాడు పరీక్ష, సోమవారమునాడు గోడమీద ర్యాంకుల పట్టిక. దసరా సెలవులకు వచ్చిన పిల్ల, కడుపునొప్పి యని తిరిగి వెళ్లనన్నది.

ఊరి డాక్టరు మాత్రలిచ్చెను, తగ్గలేదు. పట్టణమున స్కానింగు తీయించిరి, అందేమియు కనబడలేదు. నాయనమ్మ తాయెత్తు కట్టించెను. తండ్రి కళాశాలవారికి ఫోను చేయగా, "మాయొద్ద ఇన్నివందలమంది పిల్లలున్నారు, ఒక్కరి సంగతి మేమెట్లు చూతుము? బాగుచేయించి పంపుడు; రెండవ కంతు ఫీజు మాత్రము గడువులోపల కట్టుడు" అనిరి. పెద్దాసుపత్రిలో సగము దినము కాచుకొనగా దొరకిన అయిదు నిమిషములలో డాక్టరు, "శరీరమున దోషమేమియు లేదమ్మా. ఇది చదువు ఒత్తిడి. కళాశాలవారితో మాటలాడుకొనుడు" అని పంపివేసెను. ఇట్లు ఏడు మాసములు గడచినవి. పిల్ల సగమైనది. ఒకనాటి రాత్రి ఆ తల్లి మాతో అన్న మాట నేటికిని మా చెవిలో మ్రోగుచున్నది: "అక్కయ్యా! వారు వీరిని చూపిరి, వీరు వారిని చూపిరి. నడుమ నా బిడ్డను చూచినవారు లేరు."

ఈ కథ యెట్లు ముగిసినదో తరువాత చెప్పుదుము. ముందు, ఇది ఒక్కయింటి కథ కాదని తెలిసికొనుట యవసరము. 2015-16 సంవత్సరములలో బెంగుళూరునందలి నిమ్‌హాన్స్ సంస్థవారు 12 రాష్ట్రములలో జరిపిన జాతీయ మానసికారోగ్య పరిశీలనలో, 13 మొదలు 17 ఏండ్ల వయస్సుగల పిల్లలలో నూటికి 7.3 మందికి ఏదియో యొక మనోవ్యాధి కలదని తేలినది. అనగా నలుబదిమంది కూర్చుండు తఱగతిగదిలో సుమారు ముగ్గురు. జీవితమున ఎప్పుడైన కలుగు మనోవ్యాధులలో సగమువఱకు 14 ఏండ్ల వయస్సునకే మొలకెత్తునని వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2022 సంవత్సరమున మన దేశమందు ప్రాణములు తీసికొన్న విద్యార్థులు 13,044 మంది యని జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్క. ఈ సంఖ్యను చదివి వెంటనే పుట త్రిప్పవలదని మా ప్రార్థన. ప్రతి యంకె వెనుకను ఒక వంటయిల్లు, ఒక తల్లి, ఎదురుచూచిన ఒక కంచము కలవు.

పాఠశాల పక్షము

బడియే చూడవలెనని చెప్పువారి వాదము బలమైనది. బిడ్డ మెలకువగానుండు కాలములో అధికభాగము బడిలోనే గడచును. నిన్న చేయియెత్తి జవాబు చెప్పిన పిల్ల నేడు తల వంచుకొని కూర్చున్నదని ముందుగా గుర్తించునది పంతులమ్మయే. ఆసుపత్రికి పోవుటకు రాకపోకల ఖర్చులు, తోడు, ఒకనాటి కూలి కావలెను. బడికి బిడ్డ ఎట్లును పోవును. అన్నిటికంటె ముఖ్యమైనది మఱియొకటి కలదు. ఆసుపత్రి మెట్లెక్కినచో ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో యను వెఱపు బడిలో లేదు.

ఈ వెఱపు చిన్నదని యెవరును అనుకొనరాదు. హైదరాబాదునందు "ఎఱ్ఱగడ్డకు పంపవలె" ననుటయు, విశాఖపట్టణమునందు చినవాల్తేరు పేరెత్తి పరిహసించుటయు మనవారికి అలవాటు. రోగులను ఆదరించు రెండు ప్రభుత్వ వైద్యశాలల పేర్లను మనము తిట్లుగా మార్చుకొంటిమి. ఇక పెండ్లికెదిగిన పిల్లను అట్టి చోటికి తీసికొనిపోవుటకు ఏ తల్లికి కాళ్లాడును?

ప్రభుత్వమువారును ఈ పక్షమువైపు కొన్ని యడుగులు వేసిరి. 2020 ఫిబ్రవరిలో ఆరంభమైన పాఠశాల ఆరోగ్య పథకమున, ప్రతి బడిలోను ఒక పురుషోపాధ్యాయుని, ఒక స్త్రీయుపాధ్యాయురాలిని ఆరోగ్యదూతలుగా నియమించి, వారికి శిక్షణమిచ్చి, మనస్సునకు సంబంధించిన సంగతులనుగూడ పిల్లలకు బోధింపవలెనని యేర్పఱచిరి. ఆలోచన మంచిదే.

కాని పంతుళ్లకు పని యప్పగించినంతమాత్రమున పని జరుగునా? దీనికి బీహారు రాష్ట్రమునుండి ఒక జవాబు కలదు. నలందా జిల్లాలో 74 ప్రభుత్వ పాఠశాలలలో ఒక పరిశోధన జరుపబడెను. దాని ఫలితములు 2018లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రకటితమైనవి. కొన్ని బడులలో ఈ పనికే ప్రత్యేకముగా శిక్షణ పొందిన ఒక సామాన్యవ్యక్తిని నియమించిరి. అతడు డాక్టరు కాదు. పాఠము చెప్పు పంతులును కాదు. పిల్లల మాట వినుట, బడి వాతావరణమును చక్కజేయుట మాత్రమే అతని పని. మఱికొన్ని బడులలో అదే పనిని అక్కడి ఉపాధ్యాయునికే అప్పగించిరి. మిగిలిన బడులలో మామూలుగా నున్న జీవననైపుణ్యముల పాఠములనే కొనసాగనిచ్చిరి. సంవత్సరము ముగియునప్పటికి, ప్రత్యేక వ్యక్తి యున్న బడులలో పిల్లలకు దిగులు తగ్గెను. ఒకరినొకరు ఏడిపించుటయు, కొట్లాటలును తగ్గెను. బడిపై ప్రీతి హెచ్చెను. ఉపాధ్యాయునికి అప్పగించిన బడులలోనో, మామూలు బడులకంటె చెప్పదగిన మేలు కనబడలేదు.

ఇది పంతుళ్లను నిందించుట కాదు. పాఠములు, పరీక్షపత్రములు, హాజరుపట్టీలు, మధ్యాహ్నభోజనపు లెక్కలు, ఎన్నికల విధులు మొదలగు నెన్నియో బరువులు మోయు ఉపాధ్యాయిని భుజముపై ఇంకొక మూట పెట్టుట ఆమెకును అన్యాయమే, పిల్లలకును అన్యాయమే. ఇంతేకాదు. మార్కులు వేయు చేతికే మనస్సు విప్పి చూపుటకు ఏ పిల్లయైన జంకును.

విదేశముల యనుభవమును ఇట్లేయున్నది. ఐరోపాలోని 10 దేశములలో, 168 పాఠశాలలలో, 11 వేలమందికి పైబడిన పిల్లలపై జరిగిన యొక పరిశోధన 2015లో వెలువడినది. అందు ఉపాధ్యాయులకు ఆపద గుర్తులను నేర్పిన బడులలో ప్రత్యేకమైన మేలు కానరాలేదు. పిల్లలనే చిన్న కూటములుగా చేర్చి, నేర్పఱులైనవారు వచ్చి, తమ దుఃఖమును గుర్తించుట, తోటివానికి తోడ్పడుట నేర్పిన బడులలో మాత్రము, ప్రాణము తీసికొనబోవు ప్రయత్నములు సంవత్సరము తిరిగినపుడు సుమారు సగమునకు తగ్గియుండెను. బ్రిటనులో ఎనిమిదివేలకు మించిన విద్యార్థులకు తఱగతిలో పంతుళ్లచేతనే మనస్సును నిలుపు అభ్యాసమును చేయించి చూచిరి. మామూలు బోధనకంటె అది మేలు చేయలేదని 2022లో ప్రకటించిరి. కావున, అందఱికి ఒకే పాఠము చెప్పినంత మాత్రమున మనోవ్యథ తీరదు.

పాఠశాలపక్షమునకు ఇంకొక పెద్ద చిక్కు కలదు. కొన్నియెడల వ్యథకు కారణము బడియే! గోడమీది ర్యాంకుల పట్టిక, మార్కులనుబట్టి పిల్లలను వేఱువేఱు జట్లుగా చీల్చుట, పదిమందిలో నిలువబెట్టి అవమానించుట, ఇవన్నియు చేయు చోటునకే ఓదార్చు బాధ్యతయు అప్పగించిన నెట్లు? విశాఖపట్టణమున ప్రవేశపరీక్షకు చదువుచుండిన ఒక విద్యార్థిని 2023లో మరణింపగా, ఆ వ్యవహారము సుప్రీముకోర్టుదాక పోయెను. 2025 జూలై 25వ తేదీన ఆ న్యాయస్థానము దేశమందలి పాఠశాలలు, కళాశాలలు, శిక్షణకేంద్రములు, హాస్టళ్లు అన్నింటికిని 15 నిబంధనలు విధించెను. నూఱుగురు లేక అంతకు మించిన విద్యార్థులు గల ప్రతి సంస్థయందును శిక్షణపొందిన కౌన్సెలరు ఒకరైన నుండవలెననియు, చిన్న సంస్థలు వెలుపలి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలెననియు, సిబ్బందికి ఏటా రెండుమాఱులైన శిక్షణమీయవలెననియు, మార్కులనుబట్టి జట్లుచేయుట, బహిరంగముగా అవమానించుట మానవలెననియు అందు కలదు. ఈ తీర్పు మన తెలుగునేలపై జరిగిన దుఃఖమునుండి పుట్టినదని తల్లులు మఱవరాదు.

వైద్యశాల పక్షము

రెండవపక్షమువారు, వ్యాధి వ్యాధియే కదా, దానిని వైద్యుడే చూడవలెనందురు. ఇదియు సత్యమే. పరీక్షముందు కలుగు సహజమైన గుబులునకును, నెలలతరబడి వదలని మనోవ్యాధికిని భేదము తెలియుటకు చదువు కావలెను. మందు అవసరమా, మాటలచేతనే కుదురునా యని నిర్ణయించుట పంతులమ్మ పని కాదు. తెలియనివారు చేయు ఓదార్పు ఒక్కొక్కప్పుడు కాలహరణమే యగును.

చట్టమును వైద్యశాలవైపే చూపుచున్నది. 2017 నాటి మానసికారోగ్యరక్షణ చట్టము, ప్రభుత్వధనముతో నడచు సేవలయందు మానసికచికిత్స పొందుట ప్రతివారి హక్కని చెప్పుచున్నది. రోగి సంగతులను రహస్యముగా నుంచవలెనని విధించుచున్నది. పిల్లలను ఆసుపత్రిలో చేర్చుకొనవలసివచ్చినపుడు పెద్దలతో కలుపక వేఱుగా నుంచవలెననియు, తోడుగా ఒకరు వెంటనుండవలెననియు, బాలిక విషయమున ఆ తోడు పురుషుడైనచో స్త్రీ సహాయకురాలు గూడ నుండవలెననియు అందు కలదు. ప్రాణము తీసికొనబోయిన వ్యక్తి తీవ్రమైన మనఃక్లేశమున నున్నట్లు భావించి చికిత్స చేయవలెను గాని శిక్షింపరాదనియు ఆ చట్టమే చెప్పుచున్నది. పోలీసులకు వెఱచి బిడ్డను ఇంటిలో దాచుకొను తల్లులు ఈ సంగతి తెలిసికొనవలెను.

వైద్యశాలపక్షమున మఱియొక గట్టి కారణము కలదు. బడిలో లేని పిల్లల సంగతి యేమి? చదువు మాని పనికిపోవు పిల్లవానిని ఏ కౌన్సెలరు చూచును? 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య పరిశీలనలో, 20 మొదలు 24 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో 18 నిండకమునుపే వివాహమైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున నూటికి 23.5 అని తేలినది. పదునేడవయేట అత్తవారింట పొయ్యిముందు కూర్చుండి మౌనముగా కన్నీరు కార్చు పిల్లయొద్దకు బడి రాదు. ఆమెయొద్దకు రాగలది ఆశా కార్యకర్తయు, నర్సమ్మయు మాత్రమే. 2014 జనవరిలో ఆరంభమైన జాతీయ కిశోరారోగ్య పథకము, 10 మొదలు 19 ఏండ్ల పిల్లలందఱిని, బడిలో నున్నవారిని లేనివారినిగూడ, ఉద్దేశించినది. అందు మానసికారోగ్యము ఒక యంగము.

ఐనను, ఈ పక్షమునకును చిక్కులు కలవు. 1982లో జాతీయ మానసికారోగ్య పథకము, 1996లో జిల్లా మానసికారోగ్య పథకము పుట్టినవి. ఇన్ని దశాబ్దములు గడచినను మన దేశమున లక్షమంది జనమునకు ఒక్క మానసిక వైద్యుడైనను లేడు. ఉన్న కొందఱును పట్టణములలోనే యున్నారు. పిల్లల మనస్సునే ప్రత్యేకముగా చదివినవారు మఱింత తక్కువ. పైన చెప్పిన జాతీయ పరిశీలనలోనే, చాలవఱకు మనోవ్యాధులకు చికిత్స అందనివారు నూటికి 70 మందికి మించియున్నారని తేలినది. వైద్యుడు ఎంత సమర్థుడైనను, తలుపుదగ్గఱకు వచ్చిన రోగినే చూడగలడు గాని, రాలేక ఇంట మూలుగుచున్న పిల్లను చూడలేడు. మందిచ్చి పంపిన పిల్ల మఱునాడు అదే ర్యాంకుల గోడముందు నిలువవలసివచ్చినచో, ఆ మందు ఎంతవఱకు పనిచేయును?

మా యభిప్రాయము

ఇప్పుడు మొదట చెప్పిన యింటి కథను ముగింతుము. ఏడవ మాసమున ఆ కళాశాలలో జీవశాస్త్రము చెప్పు ఒక యుపాధ్యాయిని, పట్టికలో పిల్ల పేరు కొట్టివేసియుండుట చూచి, ఇంటికి ఫోను చేసినది. ఆదివారమునాడు తానే వచ్చినది. పిల్లప్రక్కన కూర్చుండి ఒక గంటదాక తాను మాటలాడక, పిల్ల చెప్పినది విన్నది. పిమ్మట జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యునియొద్దకు తల్లీబిడ్డలతోకూడ వెళ్లినది. వైద్యుడు మనోవ్యాధిని గుర్తించి చికిత్స మొదలుపెట్టెను. ఆమె అంతటితో ఊరకుండక, వైద్యుడిచ్చిన చీటితో కళాశాల పెద్దలయొద్దకు పోయి, కొంతకాలము ఇంటినుండి చదువుకొనుటకును, వారపు పరీక్షలనుండి విడుదలకును ఒప్పించినది. నెలకొకమాఱు ఫోను చేసి, మందు సరిగా వేసికొనుచున్నదా, నిద్ర పట్టుచున్నదా యని విచారించినది. కడుపునొప్పి ఎప్పుడు పోయినదో ఆ యింటివారెవరును గమనింపనేలేదు. పిల్ల నేడు డిగ్రీ చదువుచున్నది.

ఆ యుపాధ్యాయిని వైద్యము చేయలేదు. అది ఆమెకు రాదు. వైద్యుడు కళాశాలను మార్చలేదు. అది ఆయన చేతిలో లేదు. ఆమె చేసినది రెండింటి నడుమ వంతెన కట్టుట. ఆ వంతెన లేకపోవుటచేతనే ఏడు మాసములు వ్యర్థమైనవి. కాని, అది ఆమె విధి కాదు, ఆమె మంచితనము. ఆమె ఫోను చేయకుండినచో ఏమగునో తలచుకొన్న గుండె జల్లుమనును. బిడ్డల ప్రాణములు ఒక్కరి మంచితనముపై ఆధారపడియుండరాదు. అది ఎవరిదో యొకరి ఉద్యోగము కావలెను.

కావున, బడియా వైద్యశాలయా యను ప్రశ్నకు మా జవాబు ఇది. పిల్లలను కనుగొను చోటు బడి కావలెను. చికిత్సకు జవాబుదారి వైద్యశాల కావలెను. నడుమ దారి చూపు మనిషి, జీతమును శిక్షణమును ఆరోగ్యశాఖనుండి పొంది, బడిలో కూర్చుండవలెను.

ఆరోగ్యశాఖనుండి యేల? ఆ మనిషి హెడ్మాస్టరు క్రింద ఉద్యోగి యైనచో, ఆయన మెప్పునకై బడి తప్పులను కప్పిపుచ్చవచ్చును. నెల తిరుగునప్పటికి ఆమెచేతనే పరీక్షలు దిద్దించుటయు జరుగవచ్చును. ఆరోగ్యశాఖ మనిషియైనచో, "ఈ బడిలో పదిమంది పిల్లలకు నిద్ర లేదు, మీ వేళలు మార్చుకొనుడు" అని నిర్భయముగా చెప్పగలదు, వైద్యునియొద్దకు పిల్లను పంపినపుడు ఆ వైద్యుడు తన సహోద్యోగియే యగుటచేత, తిరుగుజవాబు అడిగి తెప్పించుకొనగలదు. సెలవులలోను, పిల్ల బడి మానినపుడును ఆమె బాధ్యత తెగిపోదు. ఆశా కార్యకర్తద్వారా బడి వెలుపలి పిల్లలనుగూడ చేరగలదు.

ఇది గాలిలో మేడ కాదు. ఇంగ్లండు ప్రభుత్వము 2017లో ఇట్టి ఆలోచననే ప్రకటించినది. పాఠశాలలలో పనిచేయు మానసికారోగ్య బృందములను ఆరోగ్యశాఖ ధనముతో ఏర్పఱచి, ఒక్కొక్క బృందమునకు సుమారు 8,000 మంది పిల్లలను అప్పగించిరి. తేలికైన వ్యథలను వారే చూతురు; బరువైనవానిని వైద్యునికి పంపుదురు. బడిలో ఒక యుపాధ్యాయుడు వారికి సహకరించును. వారికి ధనము కలదు, మనకు లేదని కొందఱనవచ్చును. నలందాలో పనిచేసినది పెద్ద చదువుల నిపుణులు కారు. చక్కగా శిక్షణ పొందిన సామాన్యులే. మండలమునకు ఒక్కరితోనైనను ఆరంభింపవచ్చును గదా!

ఇక బడి చేయవలసినది వేఱొకటి కలదు. దానిని వైద్యశాల చేయలేదు. అది గాయపఱచకుండుట. ర్యాంకుల పట్టికను గోడనుండి తీసివేయుటకు ఏ నిపుణుడును అక్కఱలేదు. నిద్రకు ఎనిమిదిగంటలు విడిచిపెట్టుటకు ఏ ధనమును అక్కఱలేదు. నెత్తుటి గాయమునకు కట్టుకట్టుటకంటె, ఆ దారిలోని ముల్లు తీసివేయుట సులభము.

తల్లులు చేయదగినది

ప్రభుత్వములు కదలువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఈ క్రింది సంగతులు ప్రతి యింటను చేయదగినవి.

బిడ్డను కళాశాలలోనో హాస్టలులోనో చేర్చునపుడు, నిరుడు ఎన్ని ర్యాంకులు వచ్చినవని అడుగుటతోపాటు, "మీ కౌన్సెలరు ఎవరు? ఏ గంటలలో దొరకును? పిల్ల మనస్సు బాగులేనిచో ఏ వైద్యునియొద్దకు పంపుదురు?" అని తప్పక అడుగుడు. అడుగుటకు సుప్రీముకోర్టు తీర్పు మనకు అండగానున్నది. పదిమంది తల్లులు అడిగినచో యాజమాన్యము జవాబు వెదకుకొనును.

రెండువారములకు మించి నిద్ర, ఆకలి, ఆట, స్నేహము తగ్గియుండినను, కారణము దొరకని తలనొప్పి, కడుపునొప్పి వచ్చుచుండినను, చిన్నమాటకే మండిపడుచుండినను, తనవలన ఎవరికిని ప్రయోజనము లేదని యనుచుండినను, "వయస్సు ప్రభావము" అని త్రోసివేయక వైద్యునికి చూపుడు. "ప్రాణముమీద విరక్తి కలుగుచున్నదా, అమ్మా?" అని నెమ్మదిగా, సూటిగా అడుగుటకు వెఱవవలదు. అట్లడిగినందువలన లేని తలంపు పుట్టదని వైద్యులు చెప్పుచున్నారు. ఉన్న తలంపు బరువు తగ్గును. అవునని బిడ్డ చెప్పినచో ఒంటరిగా విడువక, అపాయకరమైన వస్తువులను అందకుండ తీసివేసి, ఆ దినముననే వైద్యసహాయము పొందుడు.

దారి తెలియనిచో 14416 అను సంఖ్యకు ఫోను చేయుడు. 2022 అక్టోబరు 10వ తేదీన ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ అను సేవ యిది. రేయింబవళ్లు ఉచితముగా, తెలుగునగూడ మాటలాడుదురు. ఈ సంఖ్యను పాలవాని లెక్క, గ్యాసు సంఖ్య వ్రాసికొను చోటనే వ్రాసియుంచుడు. బిడ్డకును చెప్పుడు.

కడపటిది, కఠినమైనది మనలోనే కలదు. పక్కింటి పిల్ల మానసిక వైద్యునియొద్దకు వెళ్లినదని తెలిసినపుడు మనము ఏమనుచున్నాము? ఆ మాటను మన బిడ్డ వినుచున్నది. తనకు అదే బాధ కలిగినపుడు మనతో చెప్పవచ్చునా, చెప్పరాదా యని ఆనాడే నిశ్చయించుకొనుచున్నది. ఎఱ్ఱగడ్డ, చినవాల్తేరు అను పేర్లను మన నాలుకమీద తిట్లుగా నుండనీయక, ఆసుపత్రుల పేర్లుగా తిరిగి మార్చుట బడివలన గాని వైద్యశాలవలన గాని కాదు. అది మన వంటయింటనే జరుగవలెను.

"నడుమ నా బిడ్డను చూచినవారు లేరు" అన్న ఆ తల్లి మాటను మఱియొక తల్లి అనవలసిన దినము రాకుండుగాక!